ఆరో నంబరు జోడు

"మడమ వెనక్కి ఆనించండి. ఊఁ, తొమ్మిది," అంది కొలతలక్క. నేలమీద మోకాళ్ళూని, ఎదుటి పెద్దాయన పాదాన్ని స్టీలు కొలతపలక మీద సరిచేస్తోంది. ఈ బూట్ల దుకాణంలో ఇరవై రెండేళ్లుగా అదే పని. లేవబోతే కుడికాలి బొటనవేలి కీలు కలుక్కుమంది. పంటిబిగువున లేచింది.

కీలు అరిగిపోయిందని డాక్టరు పోయిన వారమే చెప్పాడు. అరిగింది తిరిగి రాదట. మిగిలింది దక్కాలంటే ముందువైపు వెడల్పుగా, అడుగు గట్టిగా ఉన్న బూట్లు వేసుకోవాలి, గంటకోసారి కూర్చోవాలి. లేకపోతే త్వరలోనే చేతికర్ర. ఇక్కడేమో ఆడవాళ్ళు మొనదేలిన నల్లజోడే వేసుకోవాలి, కూర్చోకూడదు. యజమాని చట్టం. చట్టమట చట్టం! ఆయన మాత్రం కుర్చీలోంచి కదలడు.

మధ్యాహ్నం దుకాణం ఖాళీ అయింది. "అక్కా, నీ కాలెప్పుడైనా కొలుచుకున్నావా?" అని తోటి ఉద్యోగిని నవ్వుతూ అడిగింది.

ఎప్పుడూ లేదు. చేరిన రోజు ఆరో నంబరిచ్చారు, ఇప్పటికీ ఆరే. ఊరందరి కాళ్ళూ కొలిచిన మనిషి! పలక మీద కాలు పెట్టింది. ఏడున్నర. బొటనవేలి పక్క ఎముక వెడల్పు గీత దాటి పొడుచుకొచ్చింది. ఆమెకు ఒళ్ళు మండిపోయింది, నొప్పి మీద కాదు, ఇన్నాళ్ళూ నోరు మూసుకున్న తన మీద.

మగవాళ్ళ అరలోంచి డబ్బాల్లాంటి గోధుమరంగు బూట్లు తీసి తొడుక్కుంది. వేళ్ళు హాయిగా విచ్చుకున్నాయి. పీట లాక్కుని నడిదుకాణంలో కూర్చుంది.

యజమాని గదిలోంచి వచ్చాడు. "ఏంటమ్మా ఈ అవతారం? ముందు లే! వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?"

"పాపం, కాళ్ళనొప్పులావిడ అనుకుంటారు సార్."

"వేళాకోళమా? ఆ బూట్లు మారుస్తావా, పని మానేస్తావా?"

ఇంటికి ఆమె జీతమే ఆధారం. అయినా పీట మీంచే జవాబిచ్చింది.

"ఉద్యోగం మీది సార్. కాళ్ళు నావి. ఈ జత నా జీతంలో పట్టుకోండి."

నల్లజోడు తెచ్చి ఆయన బల్లమీద పెట్టింది. మెట్లు దిగి, ఎక్కడా ఆగకుండా వీధి మలుపు తిరిగిపోయింది.

తోటి ఉద్యోగిని మెల్లగా వచ్చి ఆ పీటమీద కూర్చుంది. యజమాని ఆమెను లెమ్మనలేదు. ఆయన బల్లవైపే చూస్తున్నాడు. అక్కడ నల్లజోడులో కుడికాలిది, కొలతలక్క ఎముక మేరకు తోలు సాగి, ఒక పక్కకి ఉబ్బి ఉంది.