రెండు కొసల తువ్వాలు

నేను ఒక తువ్వాలుని. గోదావరి జిల్లా అంగరలో ఒక గుంట మగ్గం మీద పుట్టాను. ఒళ్ళంతా తెల్ల నూలు, అంచున ఎర్రచార. అంతకు మించి నాకు సింగారం లేదు. నన్ను నేసినాయన నేస్తున్నంతసేపూ రాజకీయాలే మాట్లాడాడు. పక్కన కండెలు చుడుతున్న ఆయన భార్య మధ్యలో ఆపి, పోగు తెగింది చూసుకోమని చెప్పకపోతే నాకు పుట్టుకతోనే చిల్లు ఉండేది. గంజి పెట్టి మడిచినప్పుడు అప్పడంలా పెళపెళలాడేదాన్ని. ఆ బిగువు చూసుకుని నేనేదో పెద్ద పట్టుబట్టననుకున్నాను. మొదటి ఉతుకుతో ఆ గర్వం వదిలింది.

నన్ను మొదట కొన్నవాడు ఏసుపాదం. ధవళేశ్వరంలో కాలవ లాకుల దగ్గర పనిచేసేవాడు. మనుషులు తువ్వాలుకి ఒక పనంటూ పెట్టరు. ఏసుపాదం నన్ను పొద్దున మొహం తుడుచుకోవడానికి, ఎండెక్కితే తలపాగాకి, మధ్యాహ్నం తలకింద పెట్టుకోవడానికి, సాయంత్రం చేపలు మూటగట్టడానికి వాడేవాడు. రాజమండ్రి వెళ్ళాలంటే బస్సు ఇంకా ఆగకముందే నన్ను కిటికీలోంచి సీటు మీదికి విసిరేవాడు. అప్పుడు ఏసుపాదం కంటే ముందు ఎక్కిన పెద్దమనుషులు సైతం నన్ను చూసి నిలబడిపోయేవారు. మనిషి మాటకి ఇవ్వని మర్యాద మనిషి తువ్వాలుకి ఇస్తారు. ఎందుకో నాకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఏసుపాదం రిటైరయినప్పుడు తోటివాళ్ళు కొత్త తువ్వాలు కప్పి సన్మానం చేశారు. దాంతో నేను ఆయన కూతురు కరుణ భుజం మీదికి మారాను. కరుణ ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు. నలభై దాటిన మనిషి, గట్టి గొంతు, ఎప్పుడూ తొందర. తన వార్డులో రోగులకి రోజూ నడవమని చెప్పి చెప్పి, తనెందుకు నడవకూడదని ఒకనాడు సందేహం వచ్చి, పొద్దున్నే గోదావరి గట్టు మీద నడక మొదలుపెట్టింది. నేను వెంట ఉండేదాన్ని.

ఆమెకు ఇద్దరు స్నేహితురాళ్ళు. ముగ్గురూ ఒకే వీధిలో పుట్టి ఒకే బడిలో చదివారు. ఒకరు జుబేదా. మెయిన్ రోడ్డులో గాజుల కొట్టు ఆమెది. ఎదుటివాళ్ళ చేయి చూడగానే గాజు కొలత చెప్పేస్తుంది, నోరు మాత్రం ఏ కొలతకీ లొంగదు. రెండోవారు వీరవేణి. ఊళ్ళో సగం మంది రవికెలు ఆమె కుట్టినవే. అయితే కొన్నేళ్ళుగా ఆమె చూపు తగ్గుతూ వచ్చింది. మొదట రాత్రిళ్ళు కనిపించలేదు, తర్వాత పక్కలు కనిపించలేదు, చివరికి వెలుగూ చీకటీ తేడా మాత్రం మిగిలింది. ఇది తిరిగి వచ్చే చూపు కాదని డాక్టర్లు చెప్పేశారు. ఆమె కుట్టు మిషను మీద గుడ్డ కప్పి ఇంట్లో కూర్చుంది.

భర్త సూర్యారావు చాలా మంచివాడు. ఆమెను గడప దిగనివ్వడు, పొయ్యి దగ్గరికి వెళ్ళనివ్వడు, మంచినీళ్ళ గ్లాసు కూడా చేతికే అందిస్తాడు. ఆ మంచితనం ఆమె చుట్టూ గోడలా లేచింది. ఆయనకది తెలియదు, పాపం.

కరుణ ఒకరోజు నడక నుంచి వస్తూ వాళ్ళింట్లోకి వెళ్ళి, రేపటినుంచి వేణి తనతో నడుస్తుందని సూర్యారావుకి చెప్పింది. అడగలేదు, చెప్పింది. నర్సులకది అలవాటు. మొదటిరోజు వేణి నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, కరుణ మోచెయ్యి పట్టుకుని నడిచింది. ఇద్దరి అడుగులూ కలవక ఒకరి చెప్పులు ఒకరు తొక్కుకున్నారు. అప్పుడు కరుణ నన్ను భుజం మీంచి తీసి, ఒక కొస తన గుప్పిట్లో బిగించి, రెండో కొస వేణి చేతిలో పెట్టింది.

నా బతుకులో అది కొత్త పని. అప్పటిదాకా నేను నీళ్ళని పీల్చాను, చెమటని పీల్చాను. ఇప్పుడు ఒక చేతి మాట ఇంకో చేతికి అందించాలి. కరుణ కుడివైపు తిరిగితే నేను బిగిసి వేణికి చెప్పాలి. వేణి తడబడితే నేను వదులై కరుణకి చెప్పాలి. వారం తిరక్కుండానే ఇద్దరూ నా భాష నేర్చేసుకున్నారు. జుబేదా కూడా వాళ్ళతో చేరింది. ఆమె నడిచేది తక్కువ, మాట్లాడేది ఎక్కువ.

ఒకనాడు, గట్టు మీద ఎవరూ లేని చోట, వేణి ఉన్నట్టుండి అడుగు వేగం పెంచింది. నేను బిగుసుకున్నాను. కరుణ కంగారుగా తనూ పరిగెత్తింది. కొంత దూరం పోయాక వేణి ఆగి, వంగి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని రొప్పుతూ నవ్వింది.

"కళ్ళు పోయాక నేను రెండు కాళ్ళూ ఒక్కసారి నేల మీంచి లేపలేదే కరుణా. ఎప్పుడూ ఒకటి కిందే ఉంచుకుని బతికేను" అంది.



ఆ వేసవిలోనే ఊరి నడక సంఘంవాళ్ళు గట్టు పరుగు పెట్టారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర మొదలై, గోదావరి వెంట రాజమండ్రి పుష్కర ఘాట్ దాకా. పెద్దవయసు ఆడవాళ్ళకి మొదటి బహుమతి మిక్సీ. మిక్సీ మాట వినగానే జుబేదా ముగ్గురి పేర్లూ ఇచ్చేసింది. సూర్యారావు ఆ రాత్రి అన్నం తినలేదట. పడితే ఏమవుతుంది, బండి గుద్దితే ఏమవుతుంది, రోహిణి కార్తె ఎండలో కళ్ళున్నవాళ్ళే తూలుతున్నారు కదా అని ఆయన బాధ. వేణి అన్నీ విని, పడితే లేస్తానంది.

పరుగు రోజు తెల్లవారుతుండగా కరుణ రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చింది. బ్యారేజీ దగ్గర జనం, మైకు, పాటలు. సంఘం కార్యదర్శి సత్తిరాజు గారు మమ్మల్ని చూసి ఇబ్బందిపడ్డారు. పరుగులో ఒకరినొకరు పట్టుకోకూడదని నిబంధన ఉందన్నారు. జుబేదా ముందుకొచ్చి, వీళ్ళెవరూ ఎవర్నీ పట్టుకోవడం లేదని, ఇద్దరూ పట్టుకున్నది తువ్వాలునని, తువ్వాలు పరుగుకి పేరు ఇవ్వలేదు కాబట్టి దానికి నిబంధన వర్తించదని వాదించింది. నా మీద అంత పెద్ద చర్చ జరగడం అదే మొదలు. ఆయన నవ్వాపుకుని, అందరికంటే వెనక నిలబడమని ఒప్పుకున్నారు.

ఇక బయల్దేరడమే అనుకుంటే, జెండా ఊపవలసిన ముఖ్య అతిథి రాలేదు. చల్లటి పూటంతా ఆయన కోసం ఎదురుచూడ్డంలో కరిగిపోయింది. ఆయన వచ్చి, ఆరోగ్యమే మహాభాగ్యమని చాలాసేపు చెప్పి, జెండా ఊపి, ఏసీ కారెక్కేసరికి సూర్యుడు ఇళ్ళ కప్పుల మీంచి ఒక నిలువు లేచాడు. తారు రోడ్డు అప్పుడే పెనంలా ఉంది.

కుర్రకారు దూసుకుపోయారు. మేము వెనక. కరుణ ముందు, వేణి ఒక అడుగు వెనక, మధ్యలో నేను. "బ్రేకరు", "ఎడమ పక్క గుంట", "గేదె ఉంది, కుడికి రా" అని కరుణ చెబుతూ ఉంది. గట్టు పక్క ఇళ్ళవాళ్ళు అరుగుల మీద నిలబడి చూస్తున్నారు. కొందరు బిందెలతో నీళ్ళు పోస్తున్నారు, కొందరు మజ్జిగ అందిస్తున్నారు. జుబేదా ప్రతి మజ్జిగ గిన్నె దగ్గరా ఆగి, ఇచ్చినావిడ గాజులు బాగున్నాయనో బాగోలేవనో చెప్పి వస్తోంది. మిక్సీ ఆశ ఆమె ఎప్పుడో వదులుకుంది.

సగం దూరం దాటాక నాకు తేడా తెలిసింది. కరుణ కొస బిగువు తగ్గింది. ఆమె అరచేయి చల్లబడి జిగటగా ఉంది. మాట తడబడుతోంది. ఒక బ్రేకరు చెప్పడం మరిచిపోయింది. వేణి కాలు తట్టుకుని తూలింది గాని పడలేదు. ఇద్దరూ ఆగారు. కరుణ రోడ్డు పక్క వేపచెట్టు నీడలో కూలబడింది. రాత్రంతా నిద్ర లేదు, పొద్దుట్నుంచి పచ్చి మంచినీళ్ళయినా తాగలేదు. రోగులందరికీ చెప్పే జాగ్రత్తలు ఆ నర్సమ్మ తనకి చెప్పుకోలేదు.

వెనక నుంచి వచ్చిన జుబేదా చూసి, నన్ను లాక్కుని, ఎదురింటి బిందెలో ముంచి కరుణ తల మీద కప్పింది. ఉప్పూ పంచదారా కలిపిన నీళ్ళు అడిగి తెచ్చి తాగించింది. చాలాసేపు నీడలోనే కూర్చున్నారు. మెల్లగా కరుణ మొహంలో రంగు వచ్చింది. అయినా పరిగెత్తే ఓపిక లేదు. సంఘంవాళ్ళ ఆటో వస్తే ముగ్గురం ఎక్కేద్దామంది. అప్పటిదాకా చెట్టుకి చేయి ఆనించి నిలబడ్డ వేణి వంగి, తడిమి, కరుణ తల మీంచి నన్ను తీసుకుంది.

"నీకు బాగోకపోతే ఎక్కేద్దాం, నాకేం బెంగ లేదు" అంది. "కాస్త నడవగలనంటే మట్టుకు నువ్వు దారి చెప్పు చాలు. లాగడం నాకొదిలెయ్."

కరుణ తన నాడి తనే పట్టుకు చూసుకుంది. తర్వాత నా కొస అందుకుంది.

అక్కణ్ణించి జరిగింది నాకొక్కదానికే పూర్తిగా తెలుసు. చూసేవాళ్ళకి ముందులాగే ఉంది: నల్లకళ్ళద్దాల ఆవిడ, పక్కన నర్సు, మధ్యలో తువ్వాలు. నా పోగులు మాత్రం ఇటునుంచి అటు తిరిగాయి. ఇప్పుడు బలం వేణి చేతిలోంచి వస్తోంది. ఏళ్ళ తరబడి మిషను తొక్కిన కాళ్ళు అవి. కరుణ మెల్లగా నడిచినప్పుడు వేణి నడిచింది, కరుణ ఊపిరి కుదుటపడ్డప్పుడు చిన్న పరుగు తీసింది. కరుణ గొంతు మాత్రం "ఎడమ... కుడి..." అంటూ పక్క నుంచి వస్తోంది. జుబేదా ఇద్దరికంటే ముందు పరిగెత్తుతూ ఎదురొచ్చే స్కూటర్లని, చేపల బుట్టల్ని, ఆగి చూసే పెద్దమనుషుల్ని పక్కకి తప్పిస్తోంది. ఆ పూట ఆమె గొంతు విని ఒక లారీ కూడా ఆగింది.

ఘాట్ దగ్గర ఏం జరిగిందో నేను తర్వాత విన్నాను. పరుగు ఎప్పుడో అయిపోయింది. మిక్సీ ఎవరో పట్టుకుపోయారు. షామియానావాళ్ళు కుర్చీలు సర్దేసి, ముగింపు గీత దగ్గర కట్టిన గుడ్డ ద్వారం విప్పబోయారట. అక్కడ సూర్యారావు గొడుగు చంకలో పెట్టుకుని, వెదురు గుంజని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడట. వాళ్ళు బతిమాలారు, విసుక్కున్నారు. అవతల ఒక పెళ్ళికి వెళ్ళాలి, వదలండి బాబూ అన్నారు.

"మా ఆవిడ పరుగులో ఉందండి" అన్నాడట ఆయన. గుంజ వదల్లేదు.

మేము మలుపు తిరిగేసరికి ద్వారం నిలబడే ఉంది. షామియానావాళ్ళు పని ఆపి చప్పట్లు కొట్టారు. "గీత వచ్చేసింది, నాలుగడుగులు" అని కరుణ చెప్పగానే వేణి నన్ను గట్టిగా లాగింది. ముగ్గురూ ఒకేసారి దాటారు. సూర్యారావు గొడుగు విప్పడం మరిచిపోయి, మూసి ఉన్నదాన్నే ఆమె తల మీద పట్టుకున్నాడు.

సత్తిరాజు గారు సర్దేసిన మైకు మళ్ళీ తీయించారు. ఆయనకి నిజంగానే కళ్ళు చెమర్చాయి. చూపులేని స్నేహితురాలిని ఎంత దూరం చెయ్యి పట్టి తీసుకువచ్చిందో చూడమంటూ కరుణను పొగిడి, రెండు మాటలు మాట్లాడమన్నారు. కరుణ మైకు అందుకుంది.

"నేను తీసుకురాలేదండి. సగం దూరం నుంచి ఆవిడే నన్ను లాక్కొచ్చింది" అంది. "నాకు ఓపికైపోయింది. చెప్పకపోతే మీకెవరికీ తెలీదని చెబుతున్నాను."

షామియానావాళ్ళూ, రేవులో స్నానాలకొచ్చినవాళ్ళూ గట్టిగా చప్పట్లు కొట్టారు. తర్వాత మైకు వేణికిచ్చి, ఇప్పుడు మీకెలా ఉందమ్మా అని అడిగారు.

"దాహంగా ఉందండి" అంది వేణి.

బహుమతులు అయిపోయాయి కాబట్టి ముగ్గురికీ అరటిపళ్ళు ఇచ్చారు. నన్ను రేవులో జాడించి మెట్టు మీద ఆరేశారు. ఆ ఎండకి అరటిపండు తినేలోపల ఆరిపోయాను.

ఆ తర్వాత ఎన్నో పొద్దులు వాళ్ళ మధ్య పరిగెత్తాను. లాగీ లాగీ నడుమ పలచబడి, చివరికొక ఉదయం గట్టు మీదే రెండుగా చిరిగిపోయాను. కరుణ ఆస్పత్రి నుంచి సాగే రబ్బరు పట్టీ ఒకటి తెచ్చింది. ఇప్పుడది నా ఉద్యోగం చేస్తోంది. బాగానే చేస్తుందట, నాకు ఈర్ష్య లేదు. నా ఎర్రచార సగం వేణి ఇంట్లో ఉంది. ఆమె మళ్ళీ మిషను ముందు కూర్చుని, వేళ్ళతో కొలత చూసుకుంటూ దిండు గలేబులు కుడుతోంది. నూనె వేశాక మిషను తుడిచేది నాతోనే. రెండో సగం కరుణ వంటింట్లో ఉంది. ఇప్పుడు మీతో మాట్లాడుతున్నది ఏ సగమని అడగకండి, నాకూ సరిగ్గా తెలియదు.

ఈ వేసవిలో కరుణ కొత్తావకాయ పెట్టి, చిన్న జాడీ మూతికి నన్ను వాసెన కట్టి వేణి ఇంటికి తెచ్చింది. సూర్యారావు జుబేదాతో కలిపి ముగ్గురికీ అన్నాలు వడ్డించాడు. వేణి తన కంచం తనే తీసుకుంది. తింటుండగా సత్తిరాజు గారి పరుగు మళ్ళీ ఉందని మాట వచ్చింది. జుబేదా వెంటనే, తన జన్మలో ఇంకోసారి ఆ ఎండలో అడుగు పెట్టనని, గాజుల కొట్టు చూసుకోవడానికే టైము చాలడం లేదని, స్నేహం వేరు పిచ్చి వేరని చాలాసేపు చెప్పింది. కరుణా, వేణీ ముద్దలు కలుపుకుంటున్నారు.

జుబేదా నా కొస తప్పించి జాడీలోంచి ఇంకో ముక్క తీసుకుంది. దాన్ని టెంక దాకా చప్పరించింది.

"ఇంతకీ ఎప్పుడంట?" అంది.