ఏన్కూరు తండాలో లావు బాకా

ఎండకు ఇత్తడి కాలుతోంది. ఆనించగానే స్తెఫను పెదవికి చుర్రుమంది.

అయినా ఊదాడు.

ఆ లావు బాకా పేరు ఫ్లూగల్‌హార్న్. మా పెళ్లిమేళానికి అదే పెద్ద దిక్కు. పక్కన జకర్యా క్లారినెట్. డోలు నాది — నా పేరు సమ్మయ్య. మిగతా బాకాల్లా ఆ లావు బాకా అరవదు... గొంతు తగ్గించి మాట్లాడుతుంది. దీనికి జలుబు చేసిందా అని పెళ్లిళ్లలో ఎన్ని వెక్కిరింతలు పడ్డామో!

డోర్నకల్లులో దాన్ని ఇచ్చిపోయిన రైల్వే గార్డు, జాజ్ అనే మాట కూడా ఇచ్చిపోయాడు. తెలిసిన పాటలోంచి తెలియని పాటలోకి నడిచిపోవడమట. స్తెఫనుకు ఆ పిచ్చి పట్టింది.

ఎనభై ఆరు వేసవి. ఏన్కూరు పక్క తండాలో పెళ్లి ఊరేగింపు. కొత్తగూడెం కేసెట్ల షాపు రామ్‌చందర్, మా మేళాన్ని కేసెట్ చేసి అమ్ముతానని, టేప్‌రికార్డరు భుజాన వేసుకుని రికార్డు చేస్తూ మా ముందు నడుస్తున్నాడు.

"మధ్యల ఆగితే కేసెట్ వెయ్య. ముందే చెప్తున్న."

అబ్బో, ఏం బెదిరింపు!

స్తెఫనుకు మాత్రం ప్రాణమంతా అందులోనే ఉంది. తన బాకాను నాలుగూళ్లు వినాలి. అంతే.

ఊదాడు. పాట దాటాడు. అడవి బాటలా ఎటో తిరిగాడు... జకర్యా వెంటపడ్డాడు. నా చేతులు వాటంతట అవే పరుగెత్తాయి. ఓహో, ఏం కుదిరిందీ!

అంతలో మంగ్లి ఇల్లు వచ్చింది.

ఆమె మొగుడు హేమ్లా పోయి నెల కాలేదు. చావు జరిగిన ఇంటి ముందు మేళం మోగించం. ఒకరు చెప్పనక్కర్లేదు — బాకా దిగింది, క్లారినెట్ దిగింది, నా చెయ్యి డోలు మీదే ఆగిపోయింది.

టేపు తిరుగుతూనే ఉంది.

రామ్‌చందర్ తల పట్టుకున్నాడు. స్తెఫను నేల చూపులు చూశాడు. నాకైతే ఏడుపొచ్చింది, నిజం.

చెప్పుల చప్పుడు. గాలి. ఎక్కడో మేక...

తలుపు తీసుకుని మంగ్లి వచ్చింది.

"ఏందన్నా, ఆపిన్రు? మా ఆయన ఉంటే మీ ముంగట ఎగురుతుండె. వాయించుండ్రి!"

స్తెఫను బాకా ఎత్తాడు. ముందు ఒక్క స్వరం... సన్నగా, ఆమెకొక్కదానికే అన్నట్టు. తర్వాత ఇంకొకటి. తర్వాత — ఇక ఆపేదెవరు! మంగ్లి ఏడుస్తూనే చప్పట్లు కొట్టింది. తండాకు తండా ఎగిరింది. డోలు పగిలితే పగలనీ అనుకున్నాను.

ఊరేగింపు అయ్యాక రామ్‌చందర్ టేపు వెనక్కి తిప్పి విన్నాడు.

"మధ్యల ఖాళీ కోసేస్త. మిగతాది బంగారం," అన్నాడు.

"కొయ్యకన్నా. అది గూడ మా పాటనే," అన్నాడు స్తెఫను.

కేసెట్ వచ్చింది.

బోనకల్ స్టేషన్ దగ్గర, రోజూ అదే కేసెట్ మోగే టీ హోటల్లో కూర్చుని విన్నాం. బాకా ఆగిపోగానే, కొత్త మనిషొకడు టేపు చిక్కుకుందనుకుని లేవబోయాడు.

హోటలంతా ఒక్కసారే అరిచింది —

"ఆగు, ఆగు... ఆమె వస్తది!"