ఇంటర్వెల్ దాకా చూసినాయన

మా హాలు గేటు దగ్గర ఉండేది నేనే. ఎవరు ఎప్పుడు జారుకున్నా నా కళ్ళ ముందు నుంచే పోవాలి.

అన్నయ్య తీసిన సినిమాలో ఒక యంత్రం ఉంటుంది. చనిపోయిన తల్లి గొంతుతో కూతురితో మాట్లాడుతుంది. సగం దాకా ఆ పిల్లని గడప దాటనివ్వదు. చివర్లో పిల్ల బయటపడాలని తన కరెంటు తనే తీసేసుకుంటుంది.

పేపర్లో సినిమాల మీద రాసే పెద్దాయన ఇంటర్వెల్‌కే లేచి, టీ తాగి కారెక్కాడు. "రేకు డబ్బాకి చివరిదాకా మనసు రాలేదు, తీసినాయనకి బుర్ర లేదు" అని రాశాడు. ఆ మాట జనం నోళ్ళలో పడింది. హాలు ఖాళీ. అన్నయ్య మళ్ళీ కెమెరా ముట్టుకోలేదు. రేకుడబ్బా అనే పేరు మోసుకునే చచ్చిపోయాడు.

తర్వాత కుర్రకారు ఆ సినిమాని వెతుక్కుని చూశారు. చివరి సీను అందరికీ తెలిసిపోయింది. పెద్దాయన కూడా "నేను అప్పుడే మెచ్చుకున్నాను" అని సభల్లో చెప్పడం మొదలెట్టాడు. అది విన్న రోజే వదిన ఆ సినిమా మళ్ళీ తీస్తానంది.

"కథ అదే. చివర మారుస్తా," అంది నాతో. "ఈసారి డబ్బా ఆరిపోదు. పిల్లే దాన్ని చంకనేసుకుని బయటికి నడుస్తుంది."

"జనం ఏడ్చే సీను కదొదినా!"

"ఏడ్చింది చాలు. ఇంకోటి, ఆయన సగంలో లేస్తాడు. లేవనియ్యి. గేటు నువ్వే తియ్యి."

పేపరువాళ్ళ కోసం ముందుగా ఆట వేశాం. ఇంటర్వెల్ లైట్లు వెలగ్గానే పెద్దాయన లేచాడు.

"కాలు లాగేస్తోందయ్యా."

"రండి సార్, రండి," అని గేటు బార్లా తీశాను. అంత వినయం నేను జన్మలో ఎవరికీ చూపించలేదు.

మర్నాడు పేపర్లో పొగడ్తలే. "చివర్లో యంత్రం తనంతట తాను ఆరిపోతుంటే కళ్ళు చెమర్చాయి" అని కూడా రాశాడు.

వదిన ఆ రాతని తలుపంత చేయించి, జనం బయటికెళ్ళే దారిలో గోడకి అంటించింది. పక్కన ఒక్క ముక్క చేర్చలేదు. ఆట వదలగానే జనం ఆగి చదివేవాళ్ళు.

"ఏ హాల్లో చూశాడ్రా ఈయన?"

"కల్లో చూసుంటాడు. అక్కడ ఇంటర్వెల్ ఉండదుగా!"

వారం తిరక్కుండా పెద్దాయన వచ్చాడు. మనిషి సగమయ్యాడు.

"పరువు పోతోందమ్మా. అది తీయించు తల్లీ."

"మీరు రాసిందే కదండీ. మెచ్చుకున్నారు కూడా."

"నన్నేం చెయ్యమంటావు?"

"మా ఆయన సినిమా వేయిస్తా. చివరిదాకా కూర్చోండి."

మా చిన్న హాల్లో ఆయనొక్కడి కోసం వేశాం. ఇంటర్వెల్‌కి లైట్లు వెలిగాయి. అలవాటు కొద్దీ సగం లేచాడు. గుమ్మంలో వదిన నిలబడి ఉంది. కూర్చున్నాడు.

చివర్లో నిజంగానే ఏడ్చాడు. జేబురుమాలు తడిసింది. నాకు జాలి వెయ్యలేదు.

"ఎంత పని చేశానమ్మా! ఇప్పుడే వెళ్ళి రాస్తాను. అంతా ఒప్పుకుని రాస్తాను."

"ఎవరు చదవాలని?" అంది వదిన.

ఆయన తడి జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మరి ఆ గోడ మీద..." అని నసిగాడు.

"తీయిస్తానని నేననలేదే. కూర్చోమన్నాను, కూర్చున్నారు. వెళ్ళి రండి."

అప్పుడే పెద్ద హాల్లో ఆట వదిలారు. గోడ దగ్గర జనం, నవ్వులు. బయటికి దారి అదొక్కటే. పెద్దాయన తల వంచుకుని నా దగ్గరికి వచ్చాడు.

గేటు తీశాను. ఈసారి సగమే తీశాను.