వంగిన యుద్ధభూమి

గడియారాలు బాగుచేసే ఆ మనిషి చేతిలో వెంట్రుకంత స్ప్రింగు కూడా చెప్పినమాట వింటుంది. నాలుగడుగుల ప్లైవుడ్ చెక్క మాత్రం మూడు వారాలుగా ఆయన్ను ఏడిపించుకు తింటోంది.

పన్నెండేళ్ళుగా ఆయనా, ఆయన బావమరిదీ ఆదివారం మధ్యాహ్నాలు నేలమీద సుద్దగీతలు గీసి, వేలెడంత సైనికుల బొమ్మల్ని మోహరించి, పాచికలేసి యుద్ధాలు చేసుకునేవారు. రెండు నెలల క్రితం బావమరిదికి మోకాలి ఆపరేషన్ అయింది. కింద కూర్చోవద్దన్నాడు డాక్టరు. అప్పట్నుంచి ఆదివారం వస్తే చాలు, ఏదో ఒక వంక చెప్పి తప్పించుకుంటున్నాడు. కూర్చోలేనన్న మాట ఆ మొండిఘటం నోట రాదు. నీకోసమే బల్లమీద పెట్టే యుద్ధభూమి చేస్తున్నానన్న మాట ఈయన నోటా రాదు.

చెక్కకు జిగురు పూసి ఇసుక చల్లాడు. థర్మాకోల్‌తో రెండు కొండలు అంటించాడు. గడియారం ముళ్ళంత సన్నటి కంచెలు పాతాడు. స్ప్రే రంగు కొట్టాడో లేదో, కొండలు చుర్రుమని కరిగి పుచ్చిన పళ్ళలా గుంటలు పడ్డాయి.

"థర్మాకోల్‌మీద వాడొద్దని డబ్బామీద రాసే ఉందిగా," అంది భార్య.

"ముందే చెప్పొచ్చుగా!"

"ముందు నన్ను గదిలోకి రానిచ్చారా?"

ఒళ్ళు మండిపోయింది. కొండలు పీకిపారేసి, ఈసారి అట్టముక్కలు పేర్చి కట్టాడు. మళ్ళీ జిగురు, మళ్ళీ ఇసుక, కుంచెతో రంగు. శనివారానికి ముచ్చటగా కుదిరింది. "రేపు రాకపోతే ఊరుకోను," అని బావమరిదికి ఫోన్ కొట్టాడు.

తెల్లారి చూస్తే చెక్క నాలుగు మూలలూ పైకి లేచి పళ్ళెంలా వంగి ఉంది. ఒక మూల నొక్కితే ఇంకో మూల లేస్తోంది. గట్టిగా నొక్కితే కంచె విరిగింది. అంతలో తలుపు చప్పుడైంది.

బావమరిది చేతికర్రతో వచ్చి, కుర్చీలో కూర్చుని, ముగ్గురు విలుకాళ్ళను అంచున నిలబెట్టాడు. ముగ్గురూ జర్రున జారి, బావ మధ్యలో మోహరించిన సైన్యంలో పడ్డారు.

"వీళ్ళు దాడి చేసినట్టా, లొంగిపోయినట్టా బావా?"

"నోర్ముయ్! మూడు వారాల చాకిరీరా ఇది!"

బావమరిది చెక్క అంచు పట్టి చూశాడు. "ఒకవైపే జిగురు పూశావా? ఎండేటప్పుడు లాగెయ్యదూ? వెనక కూడా పూస్తే తిన్నగా ఉండేది. ఇరవై ఏళ్ళుగా పుస్తకాలు బైండింగు చేస్తున్నవాణ్ణి బావమరిదిగా పెట్టుకుని, ఒక్కమాట అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"అడిగితే నీ మోకాలికోసమని తెలిసిపోదూ!"

అనేశాక ఆయన నాలుక కరుచుకున్నాడు. బావమరిది చేతికర్రను గోడకు ఆనించి, కుర్చీ బల్లదగ్గరికి జరుపుకున్నాడు. "సరే, బోర్లించు. వెనక జిగురు పూసి బరువు పెడదాం," అన్నాడు.

"కొండలు నలిగిపోతాయిరా!"

"అవి పీకెయ్యాల్సిందే."

పళ్ళు నూరుతూ బ్లేడు తీసుకుని రెండోసారి కొండలు పీకాడు. ఆ రోజు ఆటే లేదు. ఇద్దరూ జిగురు పూస్తూ కూర్చున్నారు.

"పల్చగా బావా, పల్చగా!"

"నాకు నేర్పకు."

వెళ్తూ గుమ్మందగ్గర ఆగాడు బావమరిది. "వచ్చే ఆదివారం పెందలాడే వస్తా. కొండలు మాత్రం నేను తెస్తా, నువ్వు ముట్టుకోకు."

ఆయన మాత్రం వేళ్ళకు ఎండిపోయిన జిగురును విసుగ్గా గోళ్ళతో గీకుతూ ఉండిపోయాడు.