ఫ్రీ అయిన హ్యాండిల్

బండి నాది. ఆర్‌సీలో ఉన్నది షేక్ బుష్రా అనే నా పేరే. నడిపేదీ నేనే. ఎన్నిసార్లు చెప్పినా మెకానిక్ యేసురత్నం మాత్రం మా ఆయన ముఖం చూసే మాట్లాడాడు.

జరిగింది చిన్న గుద్దుడే. ప్రొద్దుటూరు కూరగాయల మార్కెట్ దగ్గర ఒక ఆటో వెనక్కి చూడకుండా రివర్సులో వచ్చి నా ముందు చక్రానికి తగిలింది. బండి పక్కకు పడి అద్దం పగిలింది. నా మోచేయి గీసుకుపోయింది. ఆటోవాడు దిగి, హెల్మెట్ తీసిన నన్ను చూసి, "ఆడోళ్లకు ఇంత బండి ఎందుకప్పా!" అని చుట్టూ మూగినవాళ్లకు ఫిర్యాదు చేశాడు. ఆగి ఉన్న బండిని గుద్దింది వాడు! అయినా అందరూ వాడికే తలలూపారు.

షెడ్డులో బండి వదిలేటప్పుడే చెప్పాను. "అద్దం తర్వాత చూడన్నా. ముందు స్టీరింగ్ డ్యాంపర్ చూడు."

నా బండి పాతదే అయినా బాగా స్పీడుగా పోయే రకం. దాని హ్యాండిల్ దగ్గర అడ్డంగా చిన్న నూనె గొట్టం ఉంటుంది. బ్యాంకు తలుపు ధడాలున మూసుకోకుండా పైన ఒకటి పట్టి ఉంచుతుంది చూడండి, అలాంటిదే. వేగంలో చక్రం గుంతలో పడితే హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకోకుండా ఆపేది ఈ డ్యాంపరే. రోజూ నేను పులివెందులలో ల్యాబ్ ఉద్యోగానికి పోయేది చిలమకూరు దగ్గర సిమెంటు లారీల మధ్య నుంచి. అక్కడ హ్యాండిల్ చేతుల్లోంచి జారితే నేను ఇంటికి రాను.

సాయంత్రం ఇద్దరం వెళ్లాం. కొత్త అద్దంతో, కడిగిన బండి తళతళలాడుతోంది. యేసురత్నం మా ఆయన రిజ్వాన్ భుజం మీద చెయ్యి వేశాడు.

"హ్యాండిల్ శానా టైటుగా ఉన్నింది మామా. గుద్దినప్పుడు పట్టేసినట్టుంది. ఆ గొట్టం స్క్రూ అంతా వదులు చేసి ఫ్రీ చేసినా. ఇప్పుడు ఏలితో తోసినా తిరుగుతాది."

ఇంజన్ కింద దిమ్మె పెట్టి ఉంది కాబట్టి ముందు చక్రం గాల్లోనే ఉంది. హ్యాండిల్ పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివరకు తిప్పాను. డ్యాంపర్ బాగుంటే నిదానంగా, ఒకే బిగువుతో తిరగాలి. గబుక్కున తిప్పితే ఇంకా గట్టిగా ఎదురు నిలవాలి. ఇది మాత్రం గాలిమరలా తిరిగింది. గొట్టం కడ్డీ మీద వేలు పెడితే జిగటగా నూనె తగిలింది.

"టైటుగా ఉండేదే దాని పనన్నా. నూనె కారతాంది, చూడలేదా?"

"కొంచెం ఉన్నింది మామా, శుబ్బరంగా తుడిచేసినా," అన్నాడు. అడిగింది నేను, జవాబు ఆయనకు! "అక్క ఊరికే భయపడతాంది. నువ్వు ఎర్రగుంట్ల రోడ్డులో ఒక రౌండు కొట్టుకొని రా. బాగా స్పీడు మీద పో. నీకే తెలుస్తాది."

దిమ్మె తీసి, తాళంచెవి రిజ్వాన్ చేతిలో పెట్టాడు.

రిజ్వాన్ పందొమ్మిదేళ్లకే కువైట్ వెళ్లి హోటల్ వంటగదిలోనే వయసంతా గడిపాడు. బండి నేర్చుకోనేలేదు. తిరిగి వచ్చాక నా వెనకే కూర్చుంటాడు. వీధిలో ఎవరైనా "నీ బండి బాగుంది భాయ్" అంటే నవ్వి ఊరుకుంటాడు. ఆ నవ్వు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

ఇప్పుడూ అలాగే నవ్వి, తాళంచెవి తీసుకుని బండెక్కాడు.

"ఉతరో," అన్నాను, దిగమని, మా ఇంటి భాషలో. వినిపించుకోలేదు. షెడ్డులో కూర్చున్నవాళ్లలో ఒకడు, "ఏంది భాయ్, ఇంట్లో ఆర్డరా?" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. రిజ్వాన్ చెవులు ఎర్రబడ్డాయి. ఈ నలుగురి ముందు మగాడనిపించుకోవడానికి ప్రాణం తీసుకుంటాడా ఈ మనిషి? ముందు చక్రానికి ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"పోవాలంటే నన్ను గుద్ది పో."

రిజ్వాన్ నా వైపు చూశాడు. తర్వాత బండి దిగి తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"నాకు బండి రాదు యేసురత్నం."

"ఏంది మామా?"

"రాదంటాండా గదా. నన్ను ఎనక కూచోబెట్టుకొని తిప్పేది ఈమె. బండి సంగతి ఈమెకు చెప్పు."

యేసురత్నం మొదటిసారి నా కళ్లలోకి చూశాడు.

"అక్కా, స్క్రూ ఎంత బిగించమంటావు?"

"బిగించొద్దు. అది ఇప్పేయ్. కొత్తది తెప్పించి ఏసేదాకా బండి ఈడనే ఉంటాది."

"అట్లే అక్కా," అని వెంటనే స్పానర్ తీసుకున్నాడు.

రిజ్వాన్ తల వంచుకుని పక్కన నిలబడ్డాడు. ఆయనను చూస్తే గర్వంగానే అనిపించింది. కోపం మాత్రం తగ్గలేదు. హ్యాండిల్ తిప్పి చూపించాను, వేలికి అంటిన నూనె చూపించాను, అవేవీ వీళ్లకు చాలలేదు. నాకు బండి నడపడం వచ్చని ఈ షెడ్డు నమ్మడానికి, మా ఆయన తనకు రాదని ఒప్పుకోవాల్సి వచ్చింది.