పట్టీ కింద చర్మం

పరీక్ష నాలుగింటికి. మూడున్నర దాటాక, బట్టలు మార్చుకునే గదిలో కూర్చుని మా కోడలి వేళ్లకు పట్టీలు చుట్టబోతున్నాను. ఉదయం చుట్టినవి ఇంకా రెండు వేళ్లకూ మణికట్టుకూ ఉన్నాయి.

కొండరాళ్లు ఎక్కడం నేర్పే హాలు అది. చేతులతో పట్టుకుని ఎక్కడానికి గోడకు గరుకు పట్లు బిగించి ఉంటాయి. వాటిని విప్పి కడగడం నా పని. ఎక్కడం కోడలి పిచ్చి. హాల్లో అందరూ దాన్ని బల్లి అంటారు. ఇవాళ పైదాకా ఎక్కితే సోమవారం నుంచి కొత్తవాళ్లకు నేర్పే ఉద్యోగం దానిది. లేకపోతే ఇంకొకరిది.

నెల రోజులుగా దాని చేతుల మీద దద్దుర్లు. మొదట ఎర్రగా లేచాయి, తర్వాత నీటిపొక్కులు, ఆపైన రసి. ఎక్కేముందు రాసుకునే తెల్లపొడి పడలేదేమోనని పొడి మార్చాం. సబ్బు మార్చాం. పొక్కులు పట్లకు రాసుకోకుండా రోజూ నేనే జిగురు పట్టీ చుట్టేదాన్ని, నిన్నటికంటే ఒక చుట్టు ఎక్కువగా. నా అంత బాగా ఎవరూ చుట్టలేరని గర్వం కూడా.

"బిగించండి అత్తయ్యా. పసిపిల్లకి గుడ్డ కట్టినట్టు కడతారేంటి?"

"వాగకుండా చెయ్యి ఇటివ్వు."

చిటికెన వేలు నా చేతికి తగిలింది. దానికి ఎప్పుడూ పట్టీ వెయ్యం. నున్నగా ఉంది. పొడి అంటింది, సబ్బు అంటింది, అయినా ఒక్క పొక్కు లేదు. పట్టీ తీసేసిన పక్క వేలి మీద దద్దు ఉంగరంలా తిరిగి, పట్టీ అంచు ఉండే చోట గీత గీసినట్టు ఆగిపోయింది.

పట్టీ చుట్ట పక్కన పెట్టేశాను.

"ఇది పట్టీ పనే. ఈ జిగురు నీ ఒంటికి పడట్లేదు. నేనే రోజూ పుండు మీద..."

"ఇప్పుడా చెప్పేది? ఇరవై నిమిషాలుంది."

"మణికట్టు చూడు, ఎలా ఉబ్బిందో. వేళ్లు కూడా వాస్తే పట్టు దొరకదు."

అది మణికట్టు తిప్పి చూసుకుంది. తర్వాత, "ఉన్నవి తీసెయ్యండి," అంది.

పట్టీతో పాటు తోలూ ఊడి వచ్చింది. పళ్లు బిగబట్టింది గాని చెయ్యి వెనక్కి లాక్కోలేదు.

పరీక్ష పెట్టే మాస్టారు ఆ చేతులు చూసి మొహం చిట్లించారు.

"ఎక్కుతావా అమ్మాయ్? రక్తం కనబడితే దింపేస్తాను."

"ఎక్కుతాను సార్."

నడుముకు తాడు బిగిసింది. సగందాకా చకచకా వెళ్లింది. అక్కడ ఇసుక కాగితంలాంటి పచ్చ పట్టు ఒకటుంది. దాని దగ్గర ఆగి, కుడిచెయ్యి చొక్కాకు తుడుచుకుంది. చొక్కా మీద తడి మరక తేలింది. మాస్టారు మెడ చాచారు.

"రసి సార్," అంది పైనుంచి, అడక్కుండానే.

ఆయన మెడ వెనక్కి తీసుకున్నారు. అది కదిలింది.

చివరి పట్టును రెండు చేతులా పట్టుకుని, మాస్టారు మూడు లెక్కపెట్టేదాకా ఉండాలి. ఎడమచెయ్యి అందుకుంది. కుడిచెయ్యి జారింది. కాళ్లు గాల్లో ఊగాయి. చెయ్యి మళ్లీ విసిరింది, దొరికింది.

"ఒకటి," అన్నారు మాస్టారు. మూడు దాకా రావడానికి ఆయనకు ఎంతసేపు పట్టిందో నాకే తెలుసు.

దింపాక ఆయన దాని చేతుల వైపు చూడకుండా, "సోమవారం రా. ఈలోపు డాక్టరుకి చూపించుకో," అన్నారు.

వేళ్లు కొంకర్లు పోయి తెరుచుకోవడం లేదు. కుళాయి కింద పెట్టి, ఒక్కొక్కటే విప్పుతూ వచ్చాను.

"మెల్లిగా అత్తయ్యా."

"మెల్లిగానే," అన్నాను. ఉంగరం వేలు ఇంకా విచ్చుకోలేదు.