ఓడిపోయే ఉద్యోగం

రుచిత గెలిచింది. అందుకని ఉద్యోగం పోయింది.

నవ్వొస్తే నవ్వండి. బెజవాడ గవర్నర్‌పేటలో ప్లాస్టిక్ సామాన్ల హోల్‌సేల్ షాపు పైన, మూడో అంతస్తులో మా ఆఫీసు. హాలు నిండా కంప్యూటర్లు, ప్రతి కంప్యూటరు ముందూ ఒక ఆడపిల్ల, ప్రతి ఆడపిల్ల చెవులకీ హెడ్‌ఫోను. మగపిల్లలు ఫోన్లలో ఆడుకునే తుపాకుల ఆట ఒకటుంది. అందులో డబ్బు కడితే ఆడపిల్లతో ఆడొచ్చు, మాట్లాడుతూ ఆడొచ్చు. ఆ ఆడపిల్లలం మేమే. కంపెనీ మమ్మల్ని ప్లేమేట్లంటుంది. ఇంట్లో మేము సాఫ్ట్‌వేర్ అని చెప్పుకుంటాం.

మైకు ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. కస్టమర్‌ని అండీ అనాలి. అతనేమన్నా నవ్వాలి. అతన్ని బ్లాక్ చెయ్యకూడదు, ఆ మీట మేనేజరు దగ్గరే ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యం, చివరికి మేం ఓడిపోవాలి. ఊరికే ఓడిపోతే కుదరదు. గెలవబోయి, అయ్యో అని, ఓడిపోవాలి. అందుకే బాగా ఆడేవాళ్ళనే ఏరి తీసుకుంటారు. ఆట తెలిసినదానికే నమ్మేటట్టు ఓడడం వస్తుంది.

అతనేమన్నా నవ్వాలి అన్నాను కదా, ఏమంటాడో ఇక్కడ రాయను. అచ్చువేసేవాళ్ళు కొట్టేస్తారు. మా ఒళ్ళు, మా రంగు, మా కులం, మా అమ్మ, దేన్నీ వదలరు. ఆడదానికి తుపాకీ ఎందుకు, వెళ్ళి గరిటె పట్టుకోమన్నది అన్నిట్లోకీ మర్యాదైన మాట. కాలేజీల్లో చదువుకునే తమ్ముళ్ళూ, ఈ కథ మీరూ చదువుతారని నాకు తెలుసు. మీలో కొందరి గొంతులు మాకు గుర్తే.

నా పేరు సుస్మిత. మంగళగిరిలో మా అమ్మ మగ్గం మీద కూర్చుంటే, నేను ఇక్కడ కంప్యూటరు ముందు కూర్చున్నాను. నా పక్క సీటు రుచితది. కంకిపాడు నుంచి రోజూ బస్సులో వచ్చేది. కొత్తపిల్ల, మాట తక్కువ, గురి ఎక్కువ.

డెల్టా కింగ్ అనే పేరుతో ఒకడు ఆడేవాడు. కంపెనీకి వాడంత డబ్బు కట్టేవాడు ఇంకొకడు లేడు. ఆ పేరు తెర మీద కనబడితే మా మేనేజర్ దుర్గాప్రసాద్ గారు కుర్చీలోంచి లేచేవాడు, పెళ్ళివారొచ్చినట్టు. ఆ కింగ్‌కి రుచితే కావాలి. ఇంకెవరిని ఇచ్చినా బూతులు, రుచితనిస్తే ఇంకా ఎక్కువ బూతులు.

గురువారం మధ్యాహ్నం ఆటలో ఉండగా రుచిత చేతులు ఆగిపోయాయి. నేను చూశాను. హెడ్‌ఫోను ఒక చెవిది ఇటు తిప్పి నన్ను వినమంది. విన్నాను. వాడు మెల్లగా, ప్రేమగా చెబుతున్నాడు.

"రేపట్నుంచి ఎర్ర చున్నీ వెయ్యకు. నాకు ఆకుపచ్చ ఇష్టం."

రుచిత మెడలో ఉన్నది ఎర్ర చున్నీ.

లేచి మేనేజర్ దగ్గరికెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను.

"వాడు నన్ను చూస్తున్నాడండి. బస్సు దగ్గర ఎక్కడో నిలబడుతున్నాడు. బ్లాక్ చెయ్యండి సార్."

"ఫ్యానమ్మా. సంతోషించాలి గానీ భయమెందుకు?"

"నాకు భయంగా ఉందండి."

"నిలబడ్డాడు. కొరికాడా? పో, ఆట మధ్యలో వదిలేసొచ్చావ్, ఆయన వెయిట్ చేస్తున్నాడు."

రుచిత తిరిగొచ్చి కూర్చుంది. హెడ్‌ఫోను సర్దుకుంది. అయ్యో అనలేదు, నవ్వలేదు. వాణ్ణి కాల్చేసింది. వాడు మళ్ళీ లేచాడు, మళ్ళీ కాల్చేసింది. ఆట మొత్తం అయ్యేదాకా వాడు లేవడం, ఈ పిల్ల పడగొట్టడం. మేమంతా మా ఆటలు మానేసి ఆ తెరే చూశాం.

దుర్గాప్రసాద్ ఫోన్ చెవికి పెట్టుకుని పరుగున వచ్చాడు. సారీ సార్, సారీ సార్ అని అటువైపు చెబుతూ, ఇటు రుచితని వేలితో పిలిచాడు.

"మైకులో సారీ చెప్పు. ఇంకో ఆట పెడతాడు, ఓడిపో."

"ఓడిపోనండి."

"ఏంటీ?"

"వాడితో ఓడిపోనండి."

"అయితే బ్యాగ్ తీసుకో."

అందరి ముందూ ఆ పిల్ల బ్యాగ్ తీసుకుని మెట్లు దిగింది. మేం ఎవరం లేవలేదు. ఒంటరిగా బస్సెక్కలేక కింద షాపు దగ్గరే కూర్చుంటే, ఆ సాయంత్రం రోజక్క ఆమెని కంకిపాడు దాకా దింపి వచ్చింది.

రోజక్క అంటే రోజ్‌మేరీ. మాలో పెద్దది, ఇద్దరు పిల్లల తల్లి. మర్నాడు పొద్దున అందర్నీ వెంటబెట్టుకుని మేనేజర్ గదికి వెళ్ళింది. రుచితని మళ్ళీ పనిలోకి తీసుకోవాలి, బ్లాక్ చేసే మీట మాకివ్వాలి అని రెండే మాటలు అడిగింది. దుర్గాప్రసాద్ కోప్పడలేదు. కుర్చీ వెనక్కి వాల్చి మమ్మల్ని ఒక్కొక్కళ్ళనీ చూశాడు.

"ముల్లు మీద ఆకు పడ్డా, ఆకు మీద ముల్లు పడ్డా చిరిగేది ఆకే. మీ పెద్దవాళ్ళు చెప్పలేదా?"

"మేం ఆకులం కాదండి. ఉద్యోగస్తులం."

"ఆహా. మరి ఉద్యోగస్తుల మాటలన్నీ రికార్డవుతాయి, తెలుసుగా? మీ ఇళ్ళకి పంపమంటారా? కూతుళ్ళు ఎవరితో అండీ అండీ అంటూ కిలకిలా నవ్వుతున్నారో నాన్నగార్లు వినొద్దూ?"

మేం వచ్చిన దారినే బయటికొచ్చాం. సిగ్గు మాది, తాళం వాడి చేతిలో ఉంది.

మధ్యాహ్నం అన్నం డబ్బాలు పట్టుకుని మేడ మీదికెక్కాం. ఎవరూ మూతలు తియ్యలేదు.

"పోలీస్ కంప్లయింట్ ఇద్దాం," అన్నాను.

"ఇచ్చి? మా నాన్నగారికి ఏం చెప్పను?" అంది అనఘ. వాళ్ళ నాన్నగారు అచ్యుతరామారావు గారు కాలేజీలో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. "నేను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తానని చెప్పుకుంటున్నారాయన. ఆ రికార్డింగ్ వింటే నన్ను గడప తొక్కనియ్యరు. గడప సంగతి అటుంచు, ఆయన తలెత్తుకోలేరు."

"పని మానేద్దాం. రెండ్రోజులు ఎవ్వరం రాకుండా ఉంటే వాడే దిగొస్తాడు," అంది ఇంకొకామె.

"దిగొస్తాడా? మూడో రోజుకి కొత్తవాళ్ళని తెచ్చుకుంటాడు. బెజవాడలో బీటెక్ చదివిన ఆడపిల్లలకి కరువా?" అంది అనఘ.

"అయితే నోరు మూసుకుందామా?"

"నేనన్నానా ఆ మాట?"

గొంతులు లేచాయి. ఒకళ్ళ అవసరం ఇంకొకళ్ళు ఎత్తిపొడిచారు. పెళ్ళికాని వాళ్ళకి తెగింపెక్కువని పెళ్ళయినవాళ్ళు, మీకు మొగుడి జీతముందని పెళ్ళికాని వాళ్ళు. కాసేపు ఆగితే జుట్లు పట్టుకునేవాళ్ళమేమో. దుర్గాప్రసాద్‌కి కావలసింది అదే.

మధ్యలో రోజక్క అందుకుంది.

"నేను ఇంటి దగ్గర కూడా ఈ ఆట ఆడతాను. మా నాన్న పేరు పెట్టుకున్నా, శౌరయ్య అని. మైకు ఆపేస్తా. అక్కడ నేను గెలిస్తే అన్నా సూపర్ అంటారు. దణ్ణాలు పెడతారు. ఆ చేతులే ఇక్కడికొస్తే, ఆ కళ్ళే ఇక్కడికొస్తే, లంజ అంటారు. పేరొక్కటే మారింది." అన్నం డబ్బా పక్కన పెట్టింది. "వాళ్ళకి ఆడదానితో ఆడాలని కాదే. ఆడదాన్ని ఓడించాలని. కంపెనీ అమ్ముతున్నది ఆట కాదు, మన ఓటమి. మరి మనం సరుకివ్వకపోతే?"

"అంటే పని మానెయ్యడమేగా?"

"మానొద్దు. చేద్దాం. అందరం టైముకి వద్దాం, సీట్లలో కూర్చుందాం, అండీ అందాం. గెలుద్దాం."

ఎవరో ముందు నవ్వారు. ఆ నవ్వు కంపెనీ నేర్పింది కాదు. అన్నం డబ్బాల మూతలు అప్పుడు తీశాం. అనఘ మాత్రం తినలేదు.

ఆదివారం ఊళ్ళో మగపిల్లలందరికీ సెలవు. మాకు రద్దీ. లాగిన్ అయిన క్షణం నుంచీ కస్టమర్లు ఈగల్లా ముసిరారు. పక్క సీట్లో రుచిత లేదు. నాకు మొదటొచ్చినవాడు కాలేజీ కుర్రాడిలా ఉన్నాడు. మొదలెట్టగానే నా కొలతలు అడిగాడు. నేను వాణ్ణి గోడ వెనక దొరికించుకుని కాల్చాను.

"మీరు చచ్చిపోయారండీ," అన్నాను.

వెనక వరసలోంచి ఇంకో గొంతు, ఎంతో మర్యాదగా: "మీరు కూడా పోయారండీ." కిటికీ దగ్గర్నుంచి: "అయ్యో, మళ్ళీ పోయారా అండీ?" హాలంతా అదే మాట. జన్మలో మొదటిసారి అండీ అనడం నాకు హాయిగా ఉంది. చెవుల్లో బూతులు వరదలా వస్తున్నాయి, కానీ ఇప్పుడవి పడిపోయిన వాళ్ళ అరుపులు. భయమూ ఉంది, దాచను. చెమటకి మౌస్ జారిపోతోంది. ప్రతి గెలుపుకీ ఉద్యోగం ఒక మెట్టు దిగుతోందని అందరికీ తెలుసు.

అనఘ ఏం చేస్తుందోనని తలతిప్పి చూశాను. కళ్ళనిండా నీళ్ళు, కాలుస్తోంది.

దుర్గాప్రసాద్ వరసల మధ్య పరిగెత్తాడు. ఆపండి అన్నాడు. ఓడండి అన్నాడు. ఓడమని బతిమాలిన మేనేజర్ని నేను అక్కడే చూశాను. అటునుంచి కస్టమర్లు డబ్బు వెనక్కివ్వమని ఫోన్లు చేస్తున్నారు. చివరికి వెళ్ళి మెయిన్ స్విచ్ కట్టేశాడు. తెరలన్నీ నల్లబడ్డాయి.

రోజక్క చీకటి తెర ముందే కూర్చుని అంది: "రుచితని తీసుకోండి. మీట మాకివ్వండి. ఇప్పుడే ఓడిపోతాం కావాలంటే... లేదులెండి, ఇంక ఓడం."

వాడు రెండు పనులు చేశాడు. పోలీసులకి ఫోన్ చేశాడు. తర్వాత మా ఎదురుగానే ఇంకో ఫోను తీసి, అనఘ వాళ్ళ నాన్నగారికి రికార్డింగ్ పంపాడు. పంపానమ్మా అని ఆమెకి చూపించాడు కూడా.

స్టేషన్లో మమ్మల్ని గోడ వారగా నిలబెట్టారు. కస్టమర్లని మోసం చేశామనీ, కంపెనీకి నష్టం తెచ్చామనీ ఫిర్యాదు. కబురు తెలిసి రుచిత వచ్చింది, తల్లి రావమ్మ గారితో. రుచిత ఆకుపచ్చ చున్నీ వేసుకోలేదు, ఎర్రదే వేసుకుంది. కాసేపటికి అచ్యుతరామారావు గారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో ఫోను. మాలో ఎవర్నీ చూడకుండా కూతురి దగ్గరికెళ్ళారు.

"ఇందులో నవ్వు నీదేనా?"

అనఘ తలొంచుకుంది. ఎస్సై గారు ఇబ్బందిగా కదిలాడు. దుర్గాప్రసాద్ అందుకున్నాడు.

"చూడండి సార్, మగాళ్ళతో ఇలా ఇకఇకలు. మేం ఎంత చెప్పినా..."

అప్పుడు అనఘ తలెత్తింది.

"నవ్వు నాదే నాన్నగారూ. నవ్వకపోతే జీతం కోస్తారు. ఆయన మీకు నా నవ్వొక్కటే పంపాడు. దాని ముందు ఆ కస్టమరన్నది కోసేశాడు. అది నేను చెప్తాను."

చెప్పింది. తండ్రి మొహంలోకి చూస్తూ, ఆ మాట పూర్తిగా, పొల్లు పోకుండా పలికింది. ఆ ఇంట్లో పుట్టిన పిల్ల నోట ఆ మాట వినాలని ఎవరికీ ఉండదు. స్టేషన్లో పనిమీదొచ్చిన జనం కూడా ఇటు తిరిగారు.

"అమ్మా, ఆడపిల్లలు అలాంటివి పలక్కూడదు," అన్నాడు ఎస్సై.

"పలకలేదండి, విన్నాం. రోజూ విన్నాం," అంది రోజక్క. తనకొచ్చిన మాట తనూ చెప్పింది. తర్వాత నేను చెప్పాను. సిగ్గుపడలేదు, అన్నాళ్ళు మింగినదంతా కక్కేశాను. నా తర్వాత నా పక్కామె, ఆ తర్వాత ఆమె పక్కామె. దుర్గాప్రసాద్ చేతిలో ఫోను అలాగే ఉంది. పంపడానికి వాడి దగ్గర ఇంకేం మిగల్లేదు.

అచ్యుతరామారావు గారు చేతిలో ఫోను జేబులో పెట్టుకున్నారు. తర్వాత వచ్చి, కూతురి పక్కన, గోడ వారగా, మా వరసలో నిలబడ్డారు.

"సరే, ఇదంతా ఎందుకు," అన్నాడు ఎస్సై. "కంపెనీవాళ్ళు ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారు. మీరు క్షమాపణ రాసిచ్చి రేపు పనిలోకి పొండి. ఆ కంకిపాడు అమ్మాయి ఒక్కత్తీ మానేస్తుంది. అందరికీ మంచిది."

మాలో ఎవరూ ఎవర్నీ అడగలేదు. రోజక్క నేల మీద కూర్చుంది. మేమంతా కూర్చున్నాం. గుమ్మం దగ్గర అలికిడయితే చూశాం, మా ఆఫీసు రాత్రి షిఫ్టు అమ్మాయిలు మెట్లెక్కి వస్తున్నారు. వాళ్ళతో మాకు తెలియని అమ్మాయి ఒకతి.

"నువ్వూ ఆ ఆఫీసేనా?" అన్నాడు ఎస్సై.

"కాదండీ. నేను హాస్టల్లో ఆడతాను, ఈ తిట్లు పడలేక మా అన్నయ్య పేరుతో. నాదీ ఫిర్యాదు రాయించాలి."

రుచిత లేచి బల్ల ముందుకెళ్ళింది.

"ముందు నాది రాయండి సార్. డెల్టా కింగ్ అంటే ఎవరో, ఏ నంబరో కంపెనీకి తెలుసు. తెప్పించండి."

ఎస్సై మా అందర్నీ చూశాడు, బయటి జనాన్ని చూశాడు, కాగితం తీశాడు. ఆమె చెబుతుంటే రాయడం మొదలెట్టాడు. ఒకచోట రుచిత వంగి చూసింది.

"అసభ్య పదజాలం అని రాశారేంటండి? వాడన్న మాట రాయండి."

"అలాంటిది ఎలా రాస్తామమ్మా కాగితం మీద?"

రావమ్మ గారు కొంగు బిగించి ముందుకొచ్చింది. "నా కూతురు చెవుల్తో విన్నదాన్ని నువ్వు చేత్తో రాయలేవా బాబూ?"

పెన్ను కదల్లేదు.

"మీకు రాకపోతే నేను చెప్తానండి," అంది రుచిత. "అక్షరం అక్షరం చెప్తాను, రాసుకోండి."

మొదటి అక్షరం చెప్పింది. ఆయన రాసేదాకా ఆగింది. రెండోది చెప్పింది. మేం లేచి ఆమె వెనక లైను కట్టాం.